ఆనాడు పళ్ళన్నారు, ఈనాడు పచ్చళ్ళంటున్నారు

"నానమ్మా, నాన్నకి గుండెపోటు అమ్మ వంట వల్లే వచ్చిందా?"

ఏవిటే? ఎవరే ఆ మాటన్నది? చెప్పక్కర్లేదులే, నాకు తెలుసు. మా వదినేగా, మీ తాతయ్య వాళ్ళక్క. చూసిపోదామని హనుమాన్ జంక్షన్ నించి వచ్చి వారమైంది, వచ్చిన కాణ్ణించీ అదే పాట. వేపుళ్ళూ ఆవకాయలూ పెట్టి మా రవిని మంచాన పడేసింది సుజాత, అని. వంటిల్లు కూడా తనే పుచ్చుకుంది. మీ అమ్మ పొయ్యి దగ్గరికే పోవట్లేదు. నిన్న మీ నాన్నకి మజ్జిగ తెస్తే చూశాను, గ్లాసు చేతికివ్వకుండా పక్కన పెట్టేసి తప్పుకుంది ఆ పిల్ల, తనే ఏదో విషం కలిపిచ్చినట్టు! నాకు ఒళ్ళు మండిపోయిందనుకో. ఫ్యాను కాస్త పెంచి ఇలా కూర్చో. పక్కగదిలో ఆవిడకి వినబడితే వినబడనీ.

మీ నాన్నకిప్పుడు నలభై రెండు... కాదు కాదు, మూడు. వాడు పుట్టేనాటికి మేమింకా బెజవాడ రాలేదు, జంక్షన్ దగ్గర పల్లెలోనే ఉన్నాం. మా వదిన అత్తారిల్లు పక్కవీధే. కాపరం అక్కడ, పెత్తనం మా ఇంట్లో. ఆవిడ ఊఁ అనందే మా ఇంట్లో పప్పు కూడా ఉడికేది కాదు.

వీడికి ఆరో నెల వచ్చిందో లేదో, జ్వరాలు. ఒకటి తగ్గిందనుకుంటే ఇంకోటి. చెవిలోంచి చీము. ఆ తర్వాత విరోచనాలు. డాక్టరుకి చూపిద్దామంటే ఆవిడేమనేదో తెలుసా? "పళ్ళొస్తున్నాయే, పళ్ళొచ్చే పిల్లలకి ఇవన్నీ మామూలే, మేం కనలేదా, మేం పెంచలేదా" అని! ఆ ఒక్క మాటతో నా నోరు నొక్కేసేది. మా ఊళ్ళో అంతేనమ్మా, చంటిపిల్లకి ఏమొచ్చినా పళ్ళే. జ్వరమొస్తే పళ్ళు, దగ్గొస్తే పళ్ళు. చూస్తే ఒక్క పన్నూ రాలేదు వెధవకి!

ఓ పొద్దున చూద్దును కదా, పిల్లాడు డొక్కలెగరేస్తున్నాడు. రొమ్ము నోట్లో పెడితే పట్టుకోవట్లేదు. మీ తాతయ్య నా మొహం చూస్తాడు, వాళ్ళక్క మొహం చూస్తాడు. మంచివాడేగానీ అక్క ముందు నోరు పెగలదు ఆయనకి. నేనింక ఆగలేదు. పిల్లాణ్ణి చీర కొంగులో చుట్టుకుని బెజవాడ బస్సెక్కేశాను. టిక్కెట్టు నాలుగు రూపాయలో ఐదో, ఇప్పుడు దానికి టీ కూడా రాదు. ఆ కండక్టరు, ఏ తల్లి కన్న బిడ్డో, డ్రైవరుతో చెప్పి మధ్యలో ఎక్కువ ఆపకుండా తీసుకొచ్చాడు. గవర్నర్‌పేటలో ఓ పెద్దాయన ఉండేవాడు పిల్లల డాక్టరు, గుండె మీద గొట్టం పెట్టి చూశాడో లేదో నా మీద కేకలేశాడు. "నిమ్ము చేసిందమ్మా, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని. నేనేం చెప్పను? పళ్ళనుకున్నామని చెప్పనా? సూదులు వేశారు, నెల పట్టింది వాడు నవ్వడానికి. బతికాడు, అదే పదివేలనుకున్నాం. అంతటితో అయిపోయిందనుకున్నాం.

ఇప్పుడు చూడు, మొన్న స్టెంటు వేసిన డాక్టరు, కుర్రాడే, అన్నీ అడిగాడు. షుగరు కూడా బయటపడింది కదా. చిన్నప్పుడేమైనా జబ్బులు చేశాయా అంటే ఇదంతా చెప్పాను. అప్పుడన్నాడూ, "పసితనంలో పెద్ద జబ్బులొస్తే, అవి తగ్గినా రక్తనాళాల మీద, షుగరు మీద వాటి ప్రభావం ఎన్నేళ్ళకో కనబడొచ్చంటున్నారండీ. ఇంకా పరిశోధనలు చేస్తున్నారు. మీ అబ్బాయి విషయంలో ఇదే కారణమని ఖాయంగా నేను చెప్పలేను. సిగరెట్లున్నాయి, నిద్రలేని ఉద్యోగముంది, వంశముంది, తిండీ ఉంది" అని. సిగరెట్లు! నాకు తెలీదనుకున్నాడు మీ నాన్న, మేడమీద దాక్కుని కాల్చేవాడు! తిలాపాపం తలా పిడికెడు. మరి మొత్తం తట్టెడూ తెచ్చి నీ తల్లి నెత్తిన పోస్తారా? వాడు డొక్కలెగరేసిన నాటికి ఆ పిల్ల పుట్టనైనా పుట్టలేదే!

వదినగారూ, వింటున్నారా? మీ వల్లే వచ్చిందని నేననట్లేదు. అంత చదువుకున్న డాక్టరే చెప్పలేనన్నప్పుడు నేనెవత్తిని? కానీ ఆనాడు పళ్ళన్నారు, ఈనాడు పచ్చళ్ళంటున్నారు. ఆనాడూ డాక్టర్ని అడగనివ్వలేదు, ఈనాడూ అడగలేదు. ఆనాడు నా నోరు నొక్కారు, సరే. నా కోడలి నోరు నొక్కుతానంటే మాత్రం ఊరుకోను.

చూశావా, తలుపేసుకుంది.

నువ్వేడవకు. వెళ్ళి మీ అమ్మని పిలువు... ఆఁ, ఇక్కడే ఉన్నావుటమ్మా, గుమ్మంలో? విన్నావుగా. అలా కొంగు నోట్లో కుక్కుకోకు, ఏడిస్తే గట్టిగానే ఏడువు. ఆ తర్వాత మొహం కడుక్కుని వెళ్ళి పొయ్యి వెలిగించు. ఉప్పూ నూనే డాక్టరు చెప్పినంతే వెయ్యి, కానీ నువ్వే వండు. వాడు వారం బట్టీ సగం అన్నం వదిలేస్తున్నాడు, అడిగితే పైకి చెప్పడు, నీ చేతి వంట కోసం చూస్తున్నాడు. వెళ్ళు తల్లీ, నీ చెయ్యి చల్లనిది. ముందు నాకు వడ్డించు, అందరూ చూస్తుండగా నేను తింటాను.