ఇంటికో బోరు

ఎల్‌బీ నగర్‌లో కాలనీవాళ్లంతా కలిసి సాగుచేసుకునే కూరగాయల తోటకు, టీచరు ఒకటో తరగతి పిల్లలను తీసుకువచ్చింది. కిందటి నెల వాళ్లు నాటిన వంగనారు వాడిపోయి ఉంది. తోట చూసుకునే ముసలామె బావిగట్టున కూర్చుని ఉంది.

“ఏమిటండీ ఇది? నీళ్లు పెట్టడం లేదా?”

“ఏడికెల్లి పెట్టాలె టీచరమ్మా? బాయిల జర తొంగిచూడుండ్రి.”

“ఇంత లోతు బావి ఎలా ఎండిపోయిందండీ?”

“కాలనీల ఇంటికో బోరు ఏసిన్రు గద. ఊటంత గా బోర్లే గుంజుకున్నయి. మీరు గూడ మీ ఇంట్ల ఏపిచ్చిన్రట.”

“వేయించాం. మా వీధికి కుళాయి రాలేదు, మేం మాత్రం ఏం తాగాలి?”

“నేను తప్పంటున్ననా?”

“అయ్యో, చూడండి! పిల్లలు తమ సీసాల్లో నీళ్లన్నీ నారుకు పోసేస్తున్నారు. ఈ ఎండలో మళ్లీ వాళ్లేం తాగుతారు? వద్దని మీరైనా చెప్పండి.”

“మీరే చెప్పుండ్రి టీచరమ్మా. నాకు నోరొస్తలేదు.”