కుర్చీ డాక్టరు

కాదని మాత్రం అనకండి సార్. గాలి కబురు పట్టుకుని రాలేదు నేను. డ్యూటీ నర్సు తన చెవులారా విన్నది. మీ అమ్మాయికి చెప్పింది. ఆవిడ మెట్ల దగ్గర నన్ను ఆపి, "అంకుల్, నాన్నగారు అలా అడగొచ్చా?" అంది కంగారుగా. గుండెపోటు వచ్చిన మర్నాడే తమరు, "నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టండమ్మా" అన్నారట!

తమరేనా? గుండె రోగిని వారాల తరబడి వెల్లకిలా పడుకోబెట్టిన ప్రొఫెసరుగారేనా? రోగి పక్కకు ఒత్తిగిల్లితే నర్సు ఉద్యోగం ఊడేది కదండీ!

గుండెపోటుతో తమరి వార్డులో చేరిన మా అన్నయ్యకు అన్నం కూడా పడుకోబెట్టే తినిపించారు. "ఒరేయ్, నడుం విరిగిపోతోందిరా, కాసేపు కూర్చోనివ్వరా" అని బతిమాలాడు. అప్పుడు నేను తమరి అసిస్టెంటుని. చేతులు కట్టుకుని అడిగాను: కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుందంటున్నారు సార్, కుర్చీలో కూర్చోబెడదామా?

తమరేమన్నారు? రౌండ్స్‌లో, అందరి ముందూ, "కుర్చీ కావాలా నాయనా? నా కుర్చీ మీద కన్నేశావా?" అన్నారు. ఎంత నవ్వారండీ! ఆ రోజు నుంచీ నేను కుర్చీ డాక్టర్ని. క్యాంటీన్‌లో టీ పోసేవాడికీ అంతే.

ఆ వారమే అన్నయ్య కాలిలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీసింది. వదిన పక్కనే ఉంది. తమరు వచ్చి చూసి, ఒక్క మాట అని వెళ్లిపోయారు: "కదిలి ఉంటాడు."

అంతే! దిండు సర్దబోయి తనే కదిపానని, తనే చంపుకున్నానని వదిన ఈనాటికీ కుమిలిపోతోంది సార్. నేను చెబితే వినదు. "నన్ను ఓదార్చడానికి అంటున్నావులే మరిదీ, అంత పెద్ద డాక్టరుగారు అబద్ధం చెబుతారా?" అంటుంది.

నన్ను ఎన్ని పేర్లయినా పెట్టి పిలవండి. నాకు కావలసింది ఒక్కటే. "అమ్మా, తప్పు నీది కాదు, నాది" అని ఆవిడతో తమ నోటితో అనండి.

గోడవైపు తిరుగుతున్నారా? కానివ్వండి.

సిస్టర్, సార్‌ని లేపి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. మెల్లగా. ముఖం గుమ్మం వైపు ఉండాలి. వరండాలో ఉన్న మా వదినను రమ్మనండి.

భయపడకండి. అన్నయ్య పోయాడు కానీ తమరు పోరు. నడుచుకుంటూ ఇంటికి వెళతారు, నేనే పంపిస్తాను. ఆ మాట అంటే వదిన ఇవాళ కంటినిండా నిద్రపోతుంది. అనరా? రేపూ తీసుకొస్తాను, ఎల్లుండీ తీసుకొస్తాను. ఎక్కడికి పోతారు సార్? ఇప్పుడీ వార్డు నాదే కదా.