నాలుగు దినాలు

మొగుడు సాలొమోనును మట్టి చేసిన మరుసటి ఉదయం, బళ్ళారి బ్రూస్‌పేటలో తమ్ముడి ఇంటి అరుగు మీద దీనమ్మ కూర్చుని ఉంది. తమ్ముడు వరప్రసాదం ఆసుపత్రిలో కాంపౌండరు. దొరసాని డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పేది రోగుల ఇంటివాళ్ళకు తెలుగులో చెప్పడం కూడా అతని పనే. అతను తెచ్చిన కాఫీని ఆమె ముట్టుకోలేదు.

“నాలుగనే చెప్పినా గదక్కా. లేదంటావా?”

“చెప్తివి. ఆదివారం పొద్దుగూకేటప్పుడు మోకలో మా ఇంటికొచ్చి, సైకిలు కూడా దిగకుండా, ‘బావ ఇంగ నాలుగు దినాలుంటాడంట’ అంటివి.”

“మల్ల?”

“మల్లేంది? ఆసుపత్రిలో ఇంగ కొన్నాళ్ళు పెట్టుకుంటారేమో అనుకుంటి. వారమో, పది దినాలో. నాట్లు ముగించుకొని శుక్రవారం బస్సుకు వద్దామనుకుంటి. బేస్తవారం పొద్దున్నే మనిషిని పంపితివి, పోయినాడని.”

“నాలుగంటే నాలుగే కదక్కా.”

“ఎవరికిరా? పక్కింటి నాగక్క ‘నాలుగు మెరపకాయలియ్యి’ అంటే లెక్కబెట్టి ఇస్తానా? పిడికిటికొచ్చినన్ని ఇస్తా. నాలుగు మూటల వడ్లంటే గోడకానిచ్చి నిలబెట్టినట్ల కండ్లకు కనపడతాయి. నాలుగు దినాలంటే ఏం కనపడతాది? నాకేమీ కనపడలా.”

“కాఫీ తాగక్కా, చల్లారిపోతాది.”

“సుమ్నె ఉండు, కాఫీ మాటెత్తొద్దు. నిన్న సమాధి కాడ దొరసాని నా చెయ్యి పట్టుకొని ఏమనిందో తెలుసునా?”

“ఆయమ్మ మాటలు నీకేం అర్థమయితాయి? సగం కన్నడ, సగం…”

“బాగా అర్థమయినాయి. ‘నీ తమ్మునికి గట్టిగా చెప్పినా. మీ జనానికి నాలుగంటే కొన్ని. అందుకని నాలుగు అనొద్దు, వారాల పేర్లు చెప్పు, ఒక్కొక్క వేలు మడిచి చెప్పు అన్నా. చెప్పలేదా?’ అనింది. నేనేమని చెప్పాల ఆయమ్మకు? యాడనో పుట్టి, ఇరవై ఏండ్ల కింద ఈడికొచ్చిన దొరసానికి తెలిసింది. నా తోడబుట్టినోనికి తెలియలేదా?”

“మర్చిపోయినానక్కా.”

“మర్చిపోయినావు.”

“అంత దూరం సైకిలు తొక్కి తొక్కి…”

“మర్చిపోయినావా, మానుకున్నావా?”

“అక్కా…”

“నా ముఖం చూసి చెప్పు.”

“ఏం చెప్పేది? దొరసాని ‘ఫోర్ డేస్’ అనేతలికి నా వెన్నులో చలి పుట్టె. గోడ మీద క్యాలెండరు చూస్తి. బేస్తవారం కాడ చూపు నిలబడిపాయె. మోకలో నీ ముందర ‘నాలుగు దినాలు’ అంటానే ఆ చలి లేకపాయె. నా నోట్లోనే ఆ మాట మెత్తబడిపాయె.”

“మెత్తబడతాదని తెలిసే అంటివి.”

“అట్లనొద్దు.”

“ఎట్లనాల? సోమవారం అనింటే కాలువ నీళ్ళ వంతు కనపడేది. మంగళవారం అంటే హుసేనప్ప ఎద్దులు మడిలో దమ్ము చేసేది. బుధవారం అంటే కూలోళ్ళు, నారు కట్టలు. బేస్తవారం కాడ ఆగింటే, దాని అవతల ఏమీ లేదని తెలిసేది గదరా! నీళ్ళు పోతే పోనీ, నారు ఎండితే ఎండనీ అని ఆ రాత్రికే వచ్చి ఆయన మంచం కాడ కూర్చునేదాన్ని.”

“కూర్చునేదానివే. కదిలేదానివి కాదు. అందుకే…”

“అందుకే?”

“ఏమీ లేదు.”

“అందుకే అంటివి.”

“ఏదో నోటికొచ్చె.”

“సరే. ఇదొకటి చెప్పు. ఆయన గోర్లు ఎవరు తీసిరి?”

“గోర్లా?”

“పోయిన శనివారం నేను చూసినప్పుడు ఇంతింత ఉండె. నిన్న పెట్టె మూసే ముందర చేతులు చూస్తి. గుండ్రంగా తీసిండారు. తలకు నూనె రాసి, పక్కపాపిడి తీసి దువ్విండారు.”

“నర్సమ్మలు చేసింటారు.”

“నర్సమ్మలు పక్కపాపిడి తీస్తారా? ఆయనకు అట్ల దువ్వేది ఒక్కతే. ‘నాయనా, దొర మాదిరి ఉండావు’ అని నవ్వుకుంటా దువ్వేది. ఆ పేరు నా నోటితో చెప్పించొద్దు ప్రసాదూ.”

“నేను చెప్తా. సామ్రాజ్యం వచ్చినాది. సోమవారం సాయంత్రం దాని మొగుడు సిద్దప్ప దిగబెట్టి పోయె. మూడు రాత్రులు ఆ పాప రెప్ప వాల్చలేదు. ఆఖరి ఊపిరి దాకా బావ తల దాని ఒళ్ళోనే ఉండె. నువ్వొచ్చే బస్సుకు గంట ముందర లేచి పోయింది, మా అమ్మ నన్ను చూడదులే మామా అని.”

“ఎంత పని చేసినావురా.”

“నీ బిడ్డే కదక్కా.”

“సంఘాన్ని కాదని, ఆ బండ్రి ఊరి సిద్దప్ప వెంట పోయిననాడే నా బిడ్డ కాకపాయె. ఇంగ ఆ ముఖం చూడమని మూడేండ్ల కింద ఇద్దరమూ బైబిలు మీద చెయ్యి పెట్టినాం. ఆయన మాట తప్పే మనిషి కాదు. తెలివి తప్పి పడుండే మనిషి పక్కకు దాన్ని తెచ్చి కూర్చోబెట్టినావు. నన్ను నాట్లలో నిలబెట్టి, ఆయన చేత ఒట్టు తప్పించినావు. ఇద్దరినీ మోసం చేసినావు!”

“బావకు బుధవారం దాకా తెలివి బాగుండె.”

“ఉంటే ముఖం తిప్పుకోనుంటాడు.”

“దాని చేతి గంజి తాగినాడక్కా. ఇంగొంచెం పొయ్యమన్నాడు.”

“అబద్ధం! నీకెందుకురా మా మొగుడుపెండ్లాల మధ్యలో? ఎవరడిగిరి నిన్ను? ఎవరు పొమ్మనిరి బండ్రికి?”

“వద్దక్కా. పోయినోళ్ళ మాట ఇప్పుడెందుకు.”

“చెప్పు!”

“ఆదివారం మధ్యాన్నం మంచం మీద కూర్చోబెట్టుకొని బావే చెప్పినాడక్కా: ‘మీ అక్కకు నాలుగు దినాలని చెప్పు, అబద్ధమేమీ కాదు. అట్నుంచి అట్లే బండ్రికి పోయి, నా బిడ్డకు మాత్రం వారాల పేర్లు చెప్పు’ అని.”