కుర్చీ విరిగే మేనేజరూ, నవ్విన ఫోనూ

లిఫ్టు బాగయ్యేదాకా ఎక్కడికి పోతారు, ఈ బల్ల మీద కూర్చోండి. ఇదిగో నా ఫోను, చూశారా, ఎంత చక్కగా తెరుచుకుందో. నాలుగు రోజులు మొండికేసిన ఫోను. ఏ షాపుకీ పోలేదు, ఎవర్నీ అడగలేదు, నేనే తెరిచాను.

“నంబరు మర్చిపోయారా, పిన్నిగారూ?” అంది మూడో అంతస్తు టైలరమ్మ.

ఆ మాటే వద్దంటాను. ఎలా మర్చిపోతాను? మా పాత ఇంటి ల్యాండ్‌లైనులో చివరి నాలుగు అంకెలు. ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు. ముప్ఫయ్యేళ్ళు ఊరందరికీ చెప్పిన నంబరు. ఆదివారం సాయంత్రం అదే నొక్కితే తప్పంది. మళ్ళీ నొక్కాను, తప్పంది. రెండునీ తొమ్మిదినీ అటూ ఇటూ మార్చి చూశాను. నిజం చెప్పొద్దూ, ఆ పూట ముద్ద దిగలేదు. ఈ నంబరే బుర్రలోంచి పోయిందంటే రేపు ఇంకేం పోతుందో అని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

సరే, నాకు తెలిసిన చిట్కాలన్నీ చేశాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను, మెత్తటి గుడ్డతో అద్దం తుడిచాను, నిండా చార్జింగు పెట్టాను. ఊహూఁ. నిన్నటి నుంచి భయమేసి నొక్కడమే మానేశాను. ఇవాళ మధ్యాహ్నం టీవీలో నా కామెడీ వస్తోంది. అదే, ఆఫీసు మేనేజరుది. “నేనుండగా ఈ ఆఫీసులో ఒక్క తప్పు జరగదు” అంటూ కూర్చుంటాడు, కుర్చీ విరుగుతుంది. రోజూ అదే మాట, అదే కుర్చీ, రోజూ నాకు నవ్వే. అతని డైలాగులన్నీ నాకు నోటికొచ్చు, అతనికన్నా ముందే అనేస్తాను. ఈ నాలుగు రోజులూ మరీ గట్టిగా అంటున్నాను, అవైనా ఉన్నాయో లేదో చూసుకోవాలి కదా. ఇవాళ నేనలా అన్నానో లేదో, చేతిలో ఫోను కిసుక్కుమంది.

“మెసేజీ వచ్చుంటుంది, చెల్లెమ్మా” అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు.

మెసేజీకీ నవ్వుకీ తేడా నాకు తెలీదా, అన్నయ్యగారూ? నవ్వాపుకోలేక గిజగిజలాడి, చేతిలోంచి జారి, నేల మీద దొర్లుకుంటూ వంటింట్లోకి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నవ్వు మిక్సీకి అంటుకుంది, మిక్సీ నుంచి ఫ్రిజ్జుకి. అది తలుపులు టపటపా కొట్టుకుంటూ ఒకటే నవ్వు.

“లోపల గుడ్లు పగిలాయా?” అంది టైలరమ్మ.

పగల్లేదు, వాటికి కామెడీ అర్థం కాలేదు. వాషింగ్ మెషీను మటుకు పొట్ట పట్టుకుని హాల్లోకి వచ్చేసింది.

“ప్లగ్గు ఊడలేదా?” అన్నాడు బస్సు డ్రైవరు.

ఊడింది. నవ్వుకి కరెంటెందుకు? అక్కణ్ణుంచి గోడల్లో పాకి పై అంతస్తుకి పోయింది. టైలరమ్మా, మధ్యాహ్నం నీ కుట్టు వంకర పోయిందా, లేదా?

“పోయింది” అంది టైలరమ్మ ఆలోచనగా.

మరి? లిఫ్టెందుకు ఆగిందనుకున్నారు, రెండో అంతస్తు దాటాక నవ్వలేక కూలబడింది. మేడ మీద టవరుకి పాకింది, టవరు నుంచి ఆకాశంలో శాటిలైటుకి. అది నవ్వి నవ్వి ఓ పక్కకి ఒరిగేసరికి దేశంలో ఫోన్లన్నీ తాళాలు తీసేసుకున్నాయి. ఫోను కంపెనీ పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి, “అమ్మా, ఆ డైలాగు ఇంకోసారి అనకండి, ఇక్కడ మా కుర్చీలు విరుగుతున్నాయి” అని బతిమాలాడు. పోనీలే అని ఊరుకుని, నా పాత నంబరే నొక్కాను. తెరుచుకుంది.

“అది నవ్వినందుకు తెరుచుకోలేదు, అత్తయ్యా.”

మా కోడలు. ఆఫీసు నుంచి ఎప్పుడొచ్చిందో, సంచీతో వెనకే నిలబడి ఉంది.

“ఆ నంబరు మీరు బిల్డింగంతా వినేలా చెబుతున్నారని ఆదివారం నేనే మార్చాను. చెబుదామనుకుంటూ మర్చిపోయాను. ఇవాళ పొద్దున గుర్తొచ్చి, మీరు స్నానంలో ఉంటే మళ్ళీ పాతదే పెట్టేసి, లేటవుతోందని చెప్పకుండానే పరిగెత్తాను.”

బస్సు డ్రైవరు పకపకా నవ్వాడు. “అయితే శాటిలైటు ఒరగలేదన్నమాట.”

“నా కుట్టు సంగతేమిటి మరి?” అంది టైలరమ్మ.

ఉండండి మీరు. అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో. ఇందాక ఏమన్నావు?

“నంబరు మార్చానన్నాను.”

అది కాదు, దాని తర్వాత మాట.

“మర్చిపోయానని.”

ఎవరు?

“నేనే.” నా మొహం చూసి, సంచీ కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. “మీరు కాదు, అత్తయ్యా. మీరు నొక్కింది సరైన నంబరే. మీకు బాగానే గుర్తుంది.”

ఇంకోసారి చెప్పు, తల్లీ. కాస్త గట్టిగా చెప్పు. బిల్డింగంతా వినాలి.