కోటేశమ్మ తాళాల గుత్తి

కోటేశమ్మని ఒకావిడ ఉండేదంట. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, గొడ్డూ గోదా, మిరప చేను, అన్నీ ఉన్న మనిషి. ఆమె బొడ్డున ఎప్పుడూ ఒక తాళాల గుత్తి దోపుకొని ఉండేది. బియ్యం గది తాళం, బెల్లం గది తాళం, నెయ్యి జాడీలు పెట్టే గూటి తాళం, అన్నీ దాంట్లోనే. ఆమె వస్తంటే ముందు తాళాలు వినపడేయి, ఆ తర్వాత మనిషి కనపడేది అనుకో. పెద్దకోడలు ఆదెమ్మకి పెళ్ళీడు కొడుకులున్నారు. ఆమె కూడా గుప్పెడు పప్పు కావాలంటే అత్త ముందు నిలబడాల్సిందే. "అత్తా, పప్పు." "నిన్న ఇచ్చింది ఏమయిందే?" "వండాం గదత్తా." "అంతా?" ఇదీ వరస. పడుకునేటప్పుడు కూడా గుత్తి తలకింద పెట్టుకొనే పడుకునేదంట. ఏందే నవ్వుతారు? మీ అత్తలు మాత్రం పిలిచి ఇస్తన్నారా ఏంది తాళాలు? మంగతాయీ, పిల్లోణ్ణి ఒళ్ళో సరిగ్గా కూచోబెట్టుకో, జారతన్నాడు.

చిన్నకోడలు రత్తమ్మ. రత్తమ్మకొక ఆడపిల్ల, నాంచారని. అప్పుడప్పుడే గోడ పట్టుకొని నడుస్తంది. అది దొర్లని మూల లేదు, నోట్లో పెట్టుకోని వస్తువు లేదు. కోటేశమ్మకి కొడుకులే గాని కూతుళ్ళు లేరు. ముగ్గురు కోడళ్ళకీ కలిపి అదొక్కటే ఆడపిల్ల. అందుకని దాన్నంటే ఆమెకి ప్రాణం. అడక్కుండా బెల్లం గది తాళం తీసేది ఒక్క నాంచారి కోసమే. సరే, ఆ ఇంటి వాకిట్లో నేలలోకి సగం పాతిన కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళూ, గంజీ, తౌడూ అన్నీ దాంట్లోనే పోసేవాళ్ళు, గొడ్లు వచ్చి తాగేయి. రత్తమ్మకి దాన్ని చూస్తే గుబులు. "అత్తా, బావికి గోడుంది, తాగే నీళ్ళ కాగుకి మూతుంది. ఆ గోలేనికి కూడా ఒక చెక్క మూతేయిద్దామా, పిల్ల తిరగతంది" అందంట. "మూతేస్తే గొడ్లెట్టా తాగుతాయే? అయినా అది కుడితే, నీళ్ళా ఏందీ?" అందంట కోటేశమ్మ. చూడండి, ఆమె లెక్కలో నీళ్ళంటే బావిలోయి, కాగులోయి. కుడితి నీళ్ళ కిందికి రాదు. పైగా, "ఇంటినిండా ఇంతమందిమి ఉన్నాం, ఇన్ని కళ్ళ మధ్య పిల్లకేమవుద్దే పిచ్చిదానా" అందంట. నిజమే గదా అనిపిచ్చుద్ది ఎవరికైనా.

ఒకరోజు ఏమైందంటే, మిరపకాయలు కల్లంలో ఎండి ఇంటికొచ్చినయి. పంచలో రాశి పోసుకొని ఆడాళ్ళందరూ కూచున్నారు కాయల తొడాలు తియ్యటానికి. మీకు చెప్పేదేముంది, తొడాలు తీసిన చేతులు ఎట్టా మండుతాయో. ఆ చేతుల్తో పిల్లని ఎత్తుకోకూడదు, కళ్ళు నలుపుకుంటే ఇంక అంతే. నాంచారి కోటేశమ్మ కాడికొస్తే "నా చేతులు మిరప చేతులమ్మా, పెద్దమ్మ కాడికి పో" అనేది. ఆదెమ్మ "నావీ మిరప చేతులే, పో" అనేది, నడిపి కోడలు సామ్రాజ్యమూ అదే మాట. రత్తమ్మ చేలో ఉన్న మొగుడికి కూడు పట్టుకుపోవాల. పోతా పోతా "అత్తా, పిల్ల ఇక్కడే ఉంది, చూస్తా ఉండు" అంది. కోటేశమ్మ తలెత్తకుండా "ఊ" అంది. ఊ అంటే ఏందమ్మా? ఏం లేదు, ఊ అనటమే. కాసేపయినాక ఆమె "పిల్లని చూడండే" అంది గాల్లోకి. గాలి ఊ అనలా, కోడళ్ళూ ఊ అనలా. ఇంక కబుర్లలో పడిపోయారు.

అప్పుడు గేదె ఒకటి వచ్చింది కుడితికి. మూతి ముంచితే అడుగు నాకిందాకా ఎత్తదు అది. అట్టాంటిది గోలెం కాడికొచ్చి ఆగింది, బుస్సుమంది, వెనక్కి జరిగింది, మళ్ళీ బుస్సుమంది. "దీని సోకు పాడుగాను, కుడితి కూడా పనికిరాకుండా పోయిందా" అని కోటేశమ్మ కర్ర తీసుకొని లేచింది. లేచి చూస్తే ఏముంది? గోలెంలో రెండు చిన్న పాదాలు. చప్పుడు లేదు, కేక లేదు. మునిగే పిల్ల అరిచిద్దనుకుంటాం. అరవదమ్మా. నోటినిండా నీళ్ళుంటే కేక యాడనుంచి వచ్చుద్ది? కోటేశమ్మ కాళ్ళు పట్టుకొని ఒక్క గుంజు గుంజి, మోకాలి మీద బోర్లా వేసి, వీపు మీద చరిచి, నోట్లో వేలు పెట్టి తౌడు లాగింది. అవి మిరప చేతులు గదా. ఆ మంటకో, చరుపుకో, పిల్ల దగ్గింది. కుడితి కక్కింది. కెవ్వుమంది. ఆ ఏడుపు విన్నాక ఇంట్లో అందరికీ పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఇంక మొదలయింది చూడండి. "సామ్రాజ్యం చూస్తందనుకున్నా" అంటది ఆదెమ్మ. "అక్క చూస్తందనుకున్నా" అంటది సామ్రాజ్యం. "అయినా అత్తకి గదా చెప్పిపోయింది" అంటారిద్దరూ. కోటేశమ్మ అందర్నీ తిట్టిపోద్దామని నోరు తెరిచింది, తను అన్న ఊ గుర్తొచ్చి మూసుకుంది. రత్తమ్మ చేలో నుంచి వచ్చి, అంతా విని, ఏడవలా, అరవలా. పిల్లని భుజానేసుకొని ఒక్క మాటే అందంట. "అత్తా, ఈ ఇంట్లో బియ్యం ఎవరు చూస్తన్నారంటే అందరికీ తెలుసు. బెల్లం ఎవరు చూస్తన్నారన్నా తెలుసు. అందుకే బియ్యం గింజ పోలా, బెల్లం ముక్క పోలా. పిల్లని ఎవరు చూస్తన్నారంటే మాత్రం ఎవరికీ తెలవదు. రేపు పొద్దున మా అమ్మ కాడికి పోతా."

తెల్లారింది. రత్తమ్మ మూట కట్టుకొని పిల్లనెత్తుకొని గుమ్మంలోకొచ్చింది. మొగుడు బతిమాలాడు, వినలా. కోటేశమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పిల్ల లేని ఇల్లు తలుచుకుంటే భయం, కోడలి మొహం చూడాలంటే సిగ్గు. చెయ్యి బొడ్డు కాడికి పోయింది, ఆగింది. తన పెళ్ళయినకాడ్నుంచీ తన అత్త దాచిన గుత్తి అది, ఆ అత్త పోయినాక గదా తన చేతికొచ్చింది. మళ్ళీ పోయింది చెయ్యి. ఈసారి గుత్తి లాగి రత్తమ్మ బొడ్డున దోపింది. "పిల్ల ఎవరికాడుంటే తాళాలు వాళ్ళకాడ. తాళాలు తీసుకున్నోళ్ళు 'పిల్ల నాకాడుంది' అని నోటితో చెప్పాల. ఊ అంటే కుదరదు, గుత్తి చేతులు మారితేనే పిల్ల చేతులు మారినట్టు. నేనైనా అంతే" అందంట. రత్తమ్మ మూట దించింది.

గోలేన్ని కోటేశమ్మ ఆ రోజే తవ్వి తీయించి, గొడ్ల సావిట్లో తడిక అవతల పెట్టించింది. గొడ్లు తాగినాక మిగిలింది పారబోసి బోర్లించాల్సిందే. బకెట్లన్నా అంతే, నీళ్ళ చుక్క నిలవుండటానికి లేదు. ఇంక తాళాల సంగతి చెప్పనా? కాపరానికొచ్చినకాడ్నుంచీ గుత్తి ముట్టని ఆదెమ్మ పొద్దున్నే వచ్చి "చెల్లే, పిల్ల నాకాడుంది, ఇటియ్యి" అనేదంట. సామ్రాజ్యం ఆమె వెనకాలే. కోటేశమ్మేమో తాళాలు లేకపోతే ఊపిరాడని మనిషాయె! పొద్దస్తమానం పిల్ల వెనకాలే తిరిగేదంట. పిల్ల మీద ప్రేమో, గుత్తి మీద ప్రేమో మనకెందుకు, కన్ను మాత్రం పిల్ల మీదే ఉండేది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. పడగొట్టి డాబా వేశారు. బియ్యం గదీ లేదు, బెల్లం గదీ లేదు. ఆ గుత్తి మాత్రం ఉంది. నాంచారికి మనవలు కూడా పుట్టారు. ఆ తాళాలతో తెరుచుకునే తలుపు ఒక్కటీ లేకపోయినా, ఇప్పటికీ ఆ ఇంట్లో చంటిపిల్ల ఉంటే, పిల్లేదని అడగరంట. తాళాలెవరికాడున్నాయని అడుగుతారంట.

అదీ సంగతి. ఏందే, అందరూ నోళ్ళు తెరుచుకొని నా మొహం చూస్తన్నారు? మంగతాయీ, నీ ఒళ్ళో పిల్లోడేడే? మీ అత్త కాడున్నాడనుకున్నావా? మీ అత్త ఇక్కడే, నా పక్కనే ఊ కొడతా కూచుంది గదే. ఆ పంపు కింద తొట్టి బోర్లించారా లేదా? లేవండి, ముందు లేవండి, పోయి చూడండి!