తువ్వాలు కింది బేరం

దస్తగిరి కూతురు మౌలాబీ, ఆరేళ్ళకే ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పేదంట. అట్టాంటి పిల్ల. దస్తగిరి ఎవరంటారా, బోడిమెట్ట సంతలో పశువుల దళారి. శనివారం వచ్చిందంటే కొనేవోడు ఒక పక్క, అమ్మేవోడు ఒక పక్క, నడిమధ్యన ఈయన, భుజాన తువ్వాలు. పాత సంత చూసినోళ్ళకి తెలుసు, కొత్తోళ్ళ కోసం చెప్తున్నా. ఆడ బేరం నోటితో చెయ్యరు. తువ్వాలు కప్పుకోని దాని కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు నొక్కితే ఒకటి, రెండు వేళ్ళు నొక్కితే రెండు, వేలు మధ్య కణుపు దగ్గర నొక్కితే సగం. చుట్టూ వందమంది నిలబడ్డా ధర ఎవుడికీ తెలవదు. కొనేవోడి పరువూ దక్కిద్ది, అమ్మేవోడి పరువూ దక్కిద్ది అనుకో. చెయ్యి వదిలి తువ్వాలు దులిపారంటే బేరం అయిపోయినట్టే. కాయితం లేదు, సంతకం లేదు. పట్టిన చేతిని కాదన్నోడు ఆ సంతలో లేడు.

ఈ పిల్ల బాగా చదివింది. ఎంత బాగా అంటే, గవర్నమెంటోళ్ళే నీ చదువు ఖర్చు మేం పెట్టుకుంటాం, సముద్రం దాటి పోయి చదువుకోమన్నారంట. ఏం చదువమ్మా అంటే వ్యాపారం చదువు, ఎంబీయే. ఊరు ఊరంతా నవ్వింది. దళారి ఇంట్లో పుట్టినదానికి బేరం నేర్పుతారంట, తాతకి దగ్గులు నేర్పినట్టు, అని. నువ్వు కూడా నవ్వినావు కోటమ్మా, నాకు గుర్తుంది, ఇప్పుడు తల తిప్పుకోమాక. ఆ పిల్ల ఏమందంటే, మన మిరపకాయ ఆరు చేతులు మారి పరాయి దేశంలో ఎవుడి పేరు మీదో అమ్ముడు పోతంది, ఆ ఆరో చెయ్యి మనదెందుకు కాకూడదు, పది దేశాల సంత ఎట్టా నడుస్తదో చూసొస్తా అందంట. దస్తగిరి కొత్త తువ్వాలు ఒకటి తెచ్చి ఆ పిల్ల పెట్టెలో పెట్టాడు, అంతే.

పోయింది. చలిదేశం. పేరు చెప్పింది గానీ నా నోరు తిరగదు. ఆ కాలేజీలో బేరసారాల పాఠం చెప్పే అయ్యవారొకాయన, ఆయన పేరూ తిరగదు, పొడుగుదొర అనుకుందాం. పలక మీద గీతలు గీసి, బేరమంటే ఇట్టా, బెట్టు అంటే ఇట్టా అని చెప్పేవాడంట. ఒకరోజు ఏమైందంటే, మీ మీ దేశాల్లో ఎట్టా బేరం చేస్తారో చెప్పండని పిల్లల్ని అడిగాడు. అందరూ ఏదో ఒకటి చెప్పారు. ఈ పిల్ల లేచి చున్నీ తీసి, పక్కన కూర్చున్న అబెనా అనే ఘానా దేశపు పిల్ల చెయ్యి పట్టుకోని, చున్నీ కప్పి చూపించింది. పొడుగుదొర నోరు తెరిచాడు. ఆ సాయంత్రమే గదికి పిలిచి టీ ఇచ్చాడంట. మళ్ళీ వారం మళ్ళీ టీ. అట్టా నాలుగు నెలలు. ఏ వేలుకి ఏం లెక్క, దళారి ఏ వైపు నిలబడతాడు, కోపం వచ్చినోణ్ణి ఎట్టా చల్లబరుస్తారు, అన్నీ అడిగాడు, అన్నీ రాసుకున్నాడు. చివర్న, దీన్ని పుస్తకం చేద్దాం, నీ పేరూ నా పేరూ రెండూ వేద్దాం అని చెయ్యి చాచాడు. ఈ పిల్ల ఆ చెయ్యి పట్టుకుంది. ఇంక బేరం కుదిరినట్టే గదా అనుకుంది. ఆ పిల్ల చేసిన తప్పల్లా అదే. ఆ దేశంలో పొద్దున లేస్తే ఊరికే చేతులు కలుపుకుంటారంట, ఎదురు పడితే కలుపుతారు, ఎల్లిపోతా కలుపుతారు. ఆ చేతికి విలవేముంది. మనకేం తెలుసు చెప్పు.

చదువు అయిపోవచ్చింది. ఆఖర్న ఎవురికి వాళ్ళు ఒక పెద్ద కాయితం రాసివ్వాలంట, అది బాగుంటేనే డిగ్రీ. డిగ్రీ చేతికొస్తే, పది దేశాలకి సరుకు పంపే ఒక పెద్ద కంపెనీ ఈ పిల్లకి ఉద్యోగం ఇస్తానని మాటిచ్చింది. మౌలాబీ వాళ్ళ నాయన సంత గురించే రాసింది. తనకంటే బాగా ఎవురు రాస్తారు. ఇచ్చిన వారానికి ఉత్తరం వచ్చింది. ఇది నీది కాదు, మా అయ్యవారు పోయిన నెలలో అచ్చేసిన పుస్తకంలోనిది, నువ్వు దొంగరాత రాశావు, విచారణకి రా, తేలితే డిగ్రీ లేదు, ఇంటికి పొమ్మంటాం, అని. పుస్తకం తెప్పించి చూస్తే అట్ట మీద రాసినోళ్ళ పేరు ఒకటే, పొడుగుదొరది. లోపల మాత్రం దస్తగిరి ఉన్నాడు, ఎద్దులున్నాయి, ఈ పిల్ల నోటెంట వచ్చిన మాటలే వరసాగ్గా ఉన్నాయి. దొంగ అని పేరు పడితే మన సంతలో దళారి బతకలేడు. ఆ పిల్లకి అది తెలుసు.

పొడుగుదొర దగ్గరికి పోయింది. ఆయన కోప్పడలా. అదీ నాకు ఒళ్ళు మండేది. కూర్చో అన్నాడంట, టీ కావాలా అన్నాడంట. నువ్వు నాకు కబుర్లు చెప్పావు, కబుర్లు అందరూ చెప్తారు, వాటిని విద్య చేసింది నేను అన్నాడంట. పేరు వేస్తానని చెయ్యి ఇచ్చారు గదండీ అని ఈ పిల్ల అంటే, "కాయితం ఏమన్నా ఉందా?" అన్నాడు.

విచారణ రోజున పెద్ద బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారంట. మధ్యన తెల్లజుట్టు ముసలమ్మ, ఆమే పెద్ద. ఆ ముగ్గురూ కాక, పక్కన వేరే కుర్చీలో పొడుగుదొర. ఏం చెప్పుకుంటావమ్మా అన్నారు. మౌలాబీ సంచీలోంచి నాయన పెట్టిన తువ్వాలు తీసి బల్ల మీద పరిచింది. ఇద్దరం ఒకటే రాశాం, ఒప్పుకుంటా, అయ్యవారిని చెయ్యి పెట్టమనండి, నేను ఒక ధర చెప్తా, ఆయన పైకి చెప్పాలి, అంది. ఆయన ఇదంతా ఏంది అన్నాడు గానీ ముసలమ్మ, పెట్టండి, పుస్తకం రాసినోళ్ళు మీరే గదా అంది. పెట్టాడు. ఈ పిల్ల నొక్కింది. ఆయన నాలుగు అన్నాడు. కాదు. మళ్ళీ నొక్కింది, రెండు అన్నాడు. కాదు. నెత్తిన చెమట. మరి ఆయనకి వేళ్ళ లెక్క కాయితం మీద తెలుసు గానీ, చెయ్యి మాటాడటం ఎప్పుడు విన్నాడు గనక. అప్పుడు ముసలమ్మ తన చెయ్యి పెట్టిందంట. ఈ పిల్ల ఓపిగ్గా ఒక్కో వేలూ నేర్పింది. నాలుగోసారికి ముసలమ్మ రెండున్నర అంది, సరిపోయింది. చిన్నపిల్లలాగా నవ్విందంట ఆమె. ఆ తరవాత నవ్వు ఆపుకోని పొడుగుదొర వంక చూసింది. దొంగ ఎవురో ముగ్గురికీ తెలిసిపోయింది.

కథ ఇక్కడితో అయిపోవాలి గదా. మన సంతలో అయితే అయిపోయేది. వాళ్ళు ముగ్గురూ లోపలికి పోయి గుసగుసలాడుకోని వచ్చారు. ఏమన్నారంటే, నువ్వు దొంగవి కాదమ్మా, నీ డిగ్రీ నీకిస్తాం, అయితే పుస్తకం మీద మా కాలేజీ పేరు కూడా ఉంది, అందుకని ఈ కాయితం మీద సంతకం పెట్టు, జరిగింది పొరపాటని, ఇంకెక్కడా ఈ మాట ఎత్తనని. వినండి న్యాయం. పిల్ల రాస్తే దొంగతనమంట, ఆయన రాస్తే పొరపాటంట. మౌలాబీ ఆ కాయితం రెండుసార్లు చదివింది.

"దొంగతనం ఆయన చేస్తే, సంతకం నేను పెట్టాలా?" అంది.

ముసలమ్మ బల్ల వంక చూసిందే గానీ తల ఎత్తలా. రెండు రోజులు ఆలోచించుకో అన్నారు. బయటికొచ్చి ఆ పిల్ల నాయనకి ఫోన్ చేసింది. సంతకం పెడితే ఉద్యోగం, పెట్టకపోతే రెండేళ్ళ చదువూ గంగలో పోసినట్టే. ఏం చెయ్యను నాయనా అని ఏడ్చింది. దస్తగిరి సంతలోనే ఉన్నాడు, ఎనకాల ఎద్దుల మువ్వలు వినపడుతున్నాయంట. అంతా విని, "సొమ్ము పోయినోడి నోరు మూయించే పంచాయితీ నేను యాడా చూళ్ళేదమ్మా" అన్నాడు. డిగ్రీ ఇయ్యకపోతే వచ్చెయ్యి, ఇంట్లో కూడు ఉంది అన్నాడు. మరి అట్టాంటోణ్ణి ఇడిచిపెట్టటమేనా అంటే, ఇడిచిపెట్టటం ఏంది, తన్నం, తిట్టం, వాడి చెయ్యి ఎవురం పట్టుకోం, అంతేగా మనం చేసేది అన్నాడు.

మౌలాబీ సంతకం పెట్టలా. డిగ్రీ ఆపేశారు. కంపెనీవోళ్ళు నాలుగు రోజులు చూసి ఇంకొకర్ని తీసుకున్నారు. ఈ పిల్ల మాత్రం నోరు మూసుకోలా, తనతో చదివిన వాళ్ళ గదులకి పోయి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ పిల్లల్లో సగం మంది వ్యాపారస్తుల బిడ్డలే, ఒకరిది బట్టలంగడి, ఒకరిది చేపల వ్యాపారం. డిగ్రీలిచ్చే రోజు వచ్చింది. పెద్ద హాలు, నల్ల గౌన్లు, తల్లీ తండ్రీ అందరూ వచ్చారు. మౌలాబీ పేరు పిలవరు గదా, ఎనక కుర్చీలో కూర్చుంది. స్టేజీ మీద పొడుగుదొరే నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి ఇస్తున్నాడు. అబెనా ఎక్కింది. కాయితం తీసుకుంది. ఆయన చెయ్యి చాచాడు. ఆ పిల్ల ఆ చెయ్యి వంక చూసి, తన రెండు చేతులూ ఎనక్కి పెట్టుకోని దిగిపోయింది. ఆ ఎనకాల వచ్చినోడూ అంతే. ఆ తరవాత వచ్చినామె కూడా. అందరూ అనను, అబద్ధమెందుకు, నలభై మందిలో ఒక తొమ్మిదిమంది పట్టుకున్నారంట. మిగతా అందరికీ ఆయన చెయ్యి అట్టా గాల్లోనే ఉండిపోయింది. కింద కూర్చున్న తల్లిదండ్రులు ఏంది ఏందని ఒకరినొకరు అడుక్కోవటం మొదలుపెట్టారు. చివరికి ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడంట.

నెల తిరిగేసరికి మౌలాబీ డిగ్రీ పోస్టులో వచ్చింది. లోపల తప్పయిందని ఒక్క ముక్క రాయలా. పోయిన ఉద్యోగం పోయింది. అబెనా వాళ్ళమ్మ మూడు దేశాలకి సరుకు పంపుద్దంట, ఆమె పిలిచి పనిలో పెట్టుకుంది. ఇప్పుడు మన మిరపకాయ ఆ పిల్ల చేతి మీదుగానే ఓడ ఎక్కుతంది. బాగుంది, సంతోషమే. అయితే పొడుగుదొర ఉద్యోగం పోయిందా అని అడుగు. పోలా. కథలన్నీ కంచికి పోతాయంటారు గానీ, ఈ కథ ఇంకా ఆ చలిదేశంలో పుస్తకాలంగట్లో ఆయన పేరు మీద కూర్చోనుంది. దాన్ని ఎవురన్నా ఇడిపించుకోని రండి, అప్పుడు పోదాం ఇళ్ళకి.