అమ్మ హారం, బావ చెప్పు

తెల్లారితే రజిత అక్క పెళ్లి. చుట్టాలందరికీ కొండాపూర్‌లో హోటల్ గదులు తీసుకున్నారు. అమ్మ లేదు కాబట్టి, అమ్మ హారమైనా మెడలో ఉంటేనే పీటల మీద కూర్చుంటానంది అక్క. ఆ హారం పెట్టెను నమ్మి ఓంకార్ బావ చేతిలో పెట్టింది రజితే. అందుకే సాయంత్రం హోటల్ ఎదుటి చాయ్ బండి దగ్గర బావ మాటలు వింటుంటే ఆమె కళ్లు మెరిసిపోయాయి. బావ కాళ్లకున్న హోటల్ వాళ్ల తెల్లటి పలచని చెప్పులు కూడా మబ్బు తునకల్లా కనిపించాయి.

"దిగంగనే ఏం జేసిన్నో ఎర్కనా? కౌంటర్ల పిల్ల రూం నంబర్ గట్టిగ చెప్పబోయింది. 'జర మెల్లగ, నా ఒక్కని చెవుల చెప్పు' అన్న."

"మంచి పని జేసినవ్," అన్నాడు చాయ్ పోస్తున్న బాలనర్సయ్య.

"గడియ చూసిన, మంచం కింద చూసిన, పరదా ఎనుక చూసిన. హారం లాకర్ల పెట్టిన. గంతటితోని ఊకుంటనా? తలుపుకు కుర్చీ అడ్డం పెట్టిన, కుర్చీకి సూట్‌కేసు, సూట్‌కేసుకు ఫ్రిజ్, ఫ్రిజ్‌కు మంచం!"

"మరి బయటికెట్ల వచ్చినవ్ బావా?"

"కిటికీలకెళ్లి! ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? కేబుల్ బ్రిడ్జి తీగ పట్టి ఊగుకుంట వచ్చి ఒక దొంగ మా పదో అంతస్తు అద్దానికి బల్లి లెక్క అతుక్కున్నడు. వాని ఎనుక ఇంకోడు, వాని ఎనుక ఇంకోడు, కిందిదాంక దొంగలే! అందర్నీ ఒక్క ఫోన్ చార్జర్ వైరుకే పూలదండ లెక్క గుచ్చిన."

"వైరు గంత పొడుగుంటదా?"

"ఫాస్ట్ చార్జింగ్ది కాకా! ఆఖరికి ఆ దొంగలే దండం పెట్టి, 'అన్నా, మా సొమ్ముకు గూడ ఫికరైతుంది, నీ రూంల దాచిపెట్టు' అన్నరు. గా సంగతి తెలిసి ఆఫీసులోళ్లంత లాప్‌టాప్‌లు పట్టుకొని లైను కట్టిన్రు. సైబర్ టవర్స్ కాడ ట్రాఫిక్ ఎందుకు జామైందనుకుంటున్నరు?"

అంతా కోతలేనని రజితకు తెలుసు. అయినా హారం భద్రంగా ఉందన్న ఒక్క మాటకే ఆమె మనసు బావకు వేయి దండాలు పెట్టింది.

"అయితే గీ చెప్పెవరిదిరా?"

వెనకాల నిలబడి అంతా విన్నది బావ తల్లి పోచమ్మ అత్త. చేతిలో బావ తోలు చెప్పు.

"నీ తలుపు సందుల ఇరికిచ్చి ఉండె. తలుపు తెరిసే కార్డు గోడకెళ్లి తీస్తె ఏసీ బందైతదని దాన్ని లోపల్నే వదిలినవ్. తలుపు పడితె మల్ల తెరుసుకోదని చెప్పు అడ్డం పెట్టి చాయ్‌కి ఉరికినవ్. రూం చల్లగనే ఉందిలే, ఎవడొచ్చి పండినా హాయిగ నిద్రవడతది!"

"హారం?" అంది రజిత, చాయ్ గ్లాసు బండి మీద పెట్టేసి.

"లాకర్ల ఏడుంది? మంచం మీద ఉండె."

బావ లేచి పరుగెత్తబోయాడు. అత్త నడుము దగ్గర కొంగు ముడి విప్పి ఎర్ర పెట్టె తీసింది. గబగబా తెరిచింది రజిత. అమ్మ హారం, ఒక్క రాయి కూడా పోలేదు. ఆమె అత్తను గట్టిగా వాటేసుకుంది. కన్నీళ్లు ఆగలేదు.

బావ కోతలన్నీ దిగిపోయాయి. తల్లి కాళ్ల మీదికి వంగాడు. "ఇజ్జత్ కాపాడినవమ్మా."

"కాళ్లు తర్వాత మొక్కుదువు గాని, ముందు గీ చెప్పు తొడుక్కో," అంది అత్త, రజిత ఇచ్చిన చాయ్ అందుకుంటూ. "రెండోది కనవడలే. నీ దొంగల దండల గుచ్చుకుందేమో, పోయి చూసుకో."